పావు కోలా

నేను చెట్టెక్కను.
కోలాను చేత్తో ముట్టుకున్నది ఇన్నేళ్లలో రెండేసార్లు,
రెండోసారి అది కరిచింది.
నా పని బ్రిస్బేన్‌లో, మూడో అంతస్తులో,
ఏసీ మొరాయించే గదిలో
ఒక వైరస్‌కి లెక్కలు రాయడం.

బీటా అంటే అంటుకునే వేగం.
డెల్టా అంటే చావు.
అక్షరం తగిలించాక చావు కూడా
కుదురుగా కూర్చుంటుంది, భిన్నంలో కింద.

ఇది వచ్చి పోయే రకం కాదు.
చుట్టంచూపుగా వచ్చి
ఇల్లరికం ఉండిపోయింది.
ఏ కాలంలోనో ఒక కోలా బీజంలోకి దూరి
పిల్ల ఒంట్లో ప్రతి కణంలోనూ పేరు రాయించుకుంది.
ఇప్పుడది రోగమా, వారసత్వమా?
ఉత్తరాన పుట్టే ప్రతి పిల్లకీ
అమ్మ ముక్కు, నాన్న గొంతు,
వాటి మధ్య ఈ అల్లుడుగారి వాటా.

మనం నవ్వడానికి లేదు.
మన జన్యువుల్లోనూ వేలు విడిచిన మేనమామల్లా
పాత వైరస్‌లు బోలెడు,
పళ్లూడి, మాట పడిపోయి,
ఎవరూ పలకరించని వసారాల్లో.
తేడా ఒక్కటే. మన పెళ్లి ఎప్పుడో అయిపోయింది.
వీళ్లది నా కళ్లముందు జరుగుతోంది.

నా సమీకరణం అడిగేది ఇంతే:
తరానికి ఎన్ని కొత్త నకళ్లు పుడతాయి,
ఎన్ని చెరిగి ఉత్త పెంకులు మిగులుతాయి,
వాటి నోరు నొక్కడం కణం ఎప్పటికి నేర్చుకుంటుంది,
ఆలోగా రక్తం పాడై ఎన్ని రాలిపోతాయి.
"కూర్చున్న కొమ్మ నరుక్కునే వైరస్ మిగలదు" అని
కొత్త విద్యార్థులకి చెబుతాం.
అబద్ధం కాదు. కానీ కొమ్మ తెగేలోపు
పక్క చెట్టుకి దూకగలిగితే
నరకడంలో దానికి నష్టమేముంది?

మార్చిలో లిస్మోర్ వెళ్లాను, అంకెల కోసం.
థెల్మా ప్రాసర్, డెబ్బైరెండేళ్లు,
ఒకప్పుడు పాడి ఆవుల్ని సాకిన మనిషి,
ఇప్పుడు కోలాల ఆసుపత్రిలో జీతంలేని నర్సు.
వంటింటి త్రాసులో పిల్లల్ని తూచి
కాలెండర్ కాగితాల వెనక రాస్తుంది.
పదకొండేళ్ల కాలెండర్లు.
యూకలిప్టస్ నూనె మరకల మధ్య నా డేటా.

గ్రాఫు చూపించాను. గీత పల్లంలోకి దిగి
నేల తాకీ తాకకుండా మళ్లీ లేచింది.
"చూశారా, నెగ్గుకొస్తాయి" అన్నాను.
ఆమె కళ్లజోడు తుడుచుకుని
గీత అడుగున వేలు పెట్టింది.
"ఇక్కడ ఎన్ని ఉన్నాయి?"
"సున్నా పాయింటు రెండు ఐదు."
"అంటే పావు కోలా."
"అంటే... సగటున..."
"చెవులుంటాయా దానికి?
వెనక కాళ్లు మాత్రమేనా?
పావు కోలా ఆకు నములుతుందా నైరీ,
ఇంకో పావు కోలాని వెతుక్కుంటూ చెట్టు దిగుతుందా?"

లోపల బోనులో ఏదో దగ్గింది.
నేను లాప్‌టాప్ మూసేశాను.

ఆ రాత్రి మోటెల్ మంచం మీద
భిన్నాలన్నీ తీసేసి పూర్ణసంఖ్యలు పెట్టాను.
ఉంటే ఒకటి, లేకపోతే లేదు.
పుట్టుకకొక పాచిక, చావుకొక పాచిక.
వెయ్యిసార్లు ఆడించాను.
ఏడువందల ఎనభై ఎనిమిదిసార్లు గీత లేచింది,
అల్లుడు అణకువ నేర్చి ఇంటివాడయ్యాడు.
రెండువందల పన్నెండుసార్లు
నేల తాకింది.
సున్నాలో పావు ఉండదు.
వైరస్ కూడా అక్కడే ఆగిపోయింది,
కొల్లగొట్టిన ఇంటితో పాటు.

తప్పు పద్ధతిది అందామనుకున్నాను.
పద్ధతిని ఎంచుకున్నది నేనే,
లెక్క తేలిగ్గా నడుస్తుందని.

వ్యాసంలో రెండు బొమ్మలూ వేశాను.
సమీక్షకుడు మొదటిదొక్కటి చాలన్నాడు,
శుభ్రంగా ఉందట.

మొన్న థెల్మా ఫోన్ చేసింది.
రోడ్డు పక్కన తల్లి పోయిన పిల్ల,
నాలుగువందల పది గ్రాములు,
రక్తం ఐసులో పెట్టి పంపిస్తోందట.
"నీ లెక్కలో దీన్నెక్కడ పెడతావు?"
"ఒకటి" అన్నాను.
"ఒకటే. రాసుకో," అంది.
"చెవులు రెండు."